విశాఖపట్టణపు దీపమూ, పొయ్యీ

సందెవేళ దీపం పెట్టడం మన ఇళ్లలో ఒక శుభకార్యం. దీపం వెలిగించిన ఇల్లాలు ఒక్క క్షణం చేతులు జోడించి ఆ వెలుగుకు నమస్కరించడం నేటికీ పలు ఇళ్లలో చూస్తాము. ప్రమిద పోయి గాజుబుడ్డి వచ్చినది. బుడ్డి పోయి విద్యుద్దీపం వచ్చినది. ఆ నమస్కారం మాత్రం పోలేదు. మీట నొక్కి, వెలిగిన దీపానికి దండం పెట్టే పెద్దలు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. అయితే ఆ వెలుగు ఎక్కడి నుండి వచ్చినది, దానికోసం ఎక్కడ ఏది కాలినది, ఆ పొగ ఏమైనది అన్న ప్రశ్న మనకు సాధారణంగా తోచదు. ఈ ప్రసంగానికి ఆ ప్రశ్నయే విషయం.

విశాఖపట్టణ చరిత్ర అనగానే సింహాచల దేవాలయ శాసనాలు, బొజ్జన్నకొండ బౌద్ధావశేషాలు, భీమునిపట్టణంలోని డచ్చివారి సమాధులు, ఓడరేవు, ఉక్కు కర్మాగారం మనకు స్ఫురిస్తాయి. ప్రతి ఇంటా ప్రతి దినమూ రాజిన పొయ్యిని గురించి ఏ శాసనమూ చెప్పదు. కాని గత నూరు సంవత్సరాలలో మన నగరపు గాలిని, ఆ మాటకు వస్తే భూగోళపు గాలినే మార్చిన కథలో పొయ్యికీ దీపానికీ కూడా భాగమున్నది. ఆ కథను క్రమంగా చెప్పుకొంటే ఒక్క విషయం స్పష్టపడుతుంది. పొగ మన ఇంటిని విడిచినది కాని లోకాన్ని విడువలేదు. ఇంధనం మారిన ప్రతిసారీ అది మన కంటికి మరికొంత దూరంగా జరిగినది, అంతే.

విద్యుత్తు రాకముందు ఉత్తరాంధ్ర గృహంలో రాత్రి వెలుగు ఆముదానిది, నువ్వుల నూనెది. చేలో పండిన గింజ నుండి తీసిన నూనెను ప్రమిదలో పోసి, ప్రత్తి వత్తి వేసి వెలిగించేవారు. వంటకు కట్టెలు, కొబ్బరి మట్టలు, తాటి కమ్మలు, పిడకలు వాడేవారు. కొండల నుండి కట్టెమోపులు తలపై మోసుకొని వచ్చి పట్టణంలో అమ్మేవారు. తీరమందలి ఇసుక నేలలలో సరుగుడు తోటలు పెరిగిన తరువాత ఆ కర్ర మంచి వంటచెరకుగా వాడుకలోకి వచ్చినది. ఊకపొయ్యి, రంపపు పొట్టు పొయ్యి, బొగ్గుల కుంపటి మన పెద్దలు స్వయంగా ఎరిగినవే.

ఆ దినాలను తలచుకొని, అది ప్రకృతితో కలిసి బ్రతికిన బంగారు కాలమని మురిసిపోవడం సులభం. అలా మురిసిపోయేవారు బహుశా ఊదుగొట్టం చేతపట్టినవారు కారు. వానాకాలంలో తడికట్టె రాజక, కన్నీరు కారుస్తూ, దగ్గుతూ వంట ముగించిన స్త్రీలకే ఆ పొగ సంగతి తెలుసు. ఇంటిలోని వంటపొగను అకాల మరణాలకు ముఖ్య కారణాలలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ లెక్కిస్తున్నది. కావున ఆ పొయ్యికి తిరిగి పోదామని ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆ పొగకు ఒక గుణమున్నది. అది కంటికి కనబడేది. ఎంత కట్టె కాలినదో వండినవారికి తెలిసేది. అందుచేత పొదుపును ఒకరు నేర్పవలసిన అవసరం లేకపోయినది. పప్పును ముందుగానే నానవేసేవారు. ఎసటిపై మూత పెట్టేవారు. వంట ముగిసిన తరువాత మిగిలిన నిప్పులమీద పాలు కాగేవి. ఆ నిప్పులను కూడా ఆర్పి, బొగ్గులను మరునాటి కుంపటికై దాచేవారు.

ఇక్కడ శాస్త్ర విషయం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. చెట్టు పెరిగేటప్పుడు గాలి నుండి బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును గ్రహిస్తుంది. కట్టె కాలినప్పుడు ఆ వాయువే తిరిగి గాలిలో కలుస్తుంది. నరికిన చోట మరల చెట్టు పెరిగినంత కాలమూ ఆ జమాఖర్చులు దాదాపు సరిపోతాయి. అడవి తరిగిపోయినచో ఆ లెక్క చెడుతుంది. కాని భూగర్భంలో కోట్ల సంవత్సరాలు దాగి ఉన్న రాక్షసిబొగ్గును, నూనెను వెలికితీసి కాల్చినప్పుడు గాలిలో చేరేది పూర్తిగా కొత్త బరువు. దానిని తిరిగి పీల్చుకొనే చెట్టు దాని వెంట పుట్టలేదు. ఈ వాయువు సూర్యుని వేడిమిని భూమికి రానిస్తుంది. భూమి నుండి తిరిగి పోయే వేడిమిని మాత్రం కొంత అడ్డగిస్తుంది. గాలిలో ఇది హెచ్చితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్క కట్టి చూపినాడు.

ఆ కొత్త బరువు మన ఇళ్లలోకి మొదట ప్రవేశించినది కిరసనాయిలు రూపంలో. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో విదేశాల కిరసనాయిలు డబ్బాలలో భారత తీరానికి చేరసాగినది. 1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ ఈ వర్తకంలో పేరు పొందినది. ఇందులో తెలుగువారి జీవితానికి సంబంధించిన ముడి ఒకటి ఉన్నది. విశాఖ, గంజాం, గోదావరి మండలాల నుండి ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయినవారు వేలాదిమంది. అక్కడి రేవులలో, బియ్యపు మిల్లులలో, నూనె శుద్ధి చేసే కర్మాగారాలలో వారు పనిచేసినారు. ఇంటివద్ద వారి పిల్లలు చదువుకొన్న గుడ్డిదీపంలో వెలిగినది కూడా ఆ బర్మా నూనెయే కావచ్చును. మన ఇంటి దీపం దూరదేశపు భూగర్భానికి కట్టుబడిన తొలి ఘట్టమిది. వెలుగు హెచ్చినది, చిమ్నీకి మసి పట్టినది, ఆముదపు దీపం దేవుని గదికి పరిమితమైనది.

తరువాతి మార్పు ఓడరేవుతో ఆరంభమైనది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే నౌక కొత్త రేవులో ప్రవేశించినది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించినాడు. బెస్తవారి పల్లెలు, కచేరీలు, బంగళాలు గల ఒక చిన్న పట్టణం దేశానికి ముఖద్వారమైనది. రేవు వెంట పనులు, పనుల వెంట జనం, జనం వెంట ఇళ్లు పెరిగినవి. పెరిగిన ఇళ్లకు వెలుగు కావలసి వచ్చినది.

ఆ వెలుగు కొండల నుండి దిగి వచ్చినది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ప్రవహించే మాచ్‌ఖండ్ నది డుడుమ వద్ద ఐదు వందల అడుగులకు పైబడిన ఎత్తునుండి దూకుతుంది. అక్కడ జలవిద్యుత్ కేంద్రం 1955లో పనిచేయ నారంభించినది. విశాఖ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో మొదటిసారి వెలిగిన విద్యుద్దీపం వెనుక బొగ్గు లేదు, పొగ లేదు; పడే నీరు ఉన్నది. అయినా ఆ వెలుగు కూడా వెల లేనిది కాదు. జలాపుట్ జలాశయం క్రింద మునిగిన భూములను విడిచి గిరిజన కుటుంబాలు వేరొకచోటికి తరలిపోవలసి వచ్చినది. పట్టణంలో దీపం వెలిగించినవారికి వారి పేర్లు తెలియవు. దూరపు వెలుగుకు దూరపువారు వెల చెల్లించడమనే పద్ధతి ఆనాటి నుండి మన కథలో మరల మరల కనబడుతుంది.

1957లో కాల్‌టెక్స్ సంస్థవారి చమురు శుద్ధి కర్మాగారం విశాఖలో పని మొదలుపెట్టినది. నాడు దాని శక్తి సంవత్సరానికి 6,75,000 టన్నులు. తరువాత అది ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలో 1978లో కలిసినది. నేడు దాని శక్తిని సంవత్సరానికి కోటిన్నర టన్నులుగా చెబుతున్నారు. ఆ కర్మాగారం ఇక్కడ వెలసిన మరుసటి సంవత్సరం, 1958లో, పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి ద్వీపంలో మౌనా లోవా పర్వతంపై శాస్త్రజ్ఞులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎడతెగకుండా కొలవసాగినారు. నాడు పది లక్షల భాగాల గాలిలో అది సుమారు 315 భాగాలు. నేడు 420 భాగాలు దాటినది. మన పెద్దల చిన్నతనానికీ మన కాలానికీ మధ్య, ఒక్క ఆయుఃప్రమాణం లోపల, ఇంత మార్పు జరిగినది.

విశాఖపట్టణంలో ఆకాశవాణి కేంద్రం 1963లో వెలసినది. ఆనాటి వాల్వు రేడియో కూడా ఇంచుమించు ఒక సాధారణ బల్బుకు కావలసినంత విద్యుత్తును తీసుకొనేది. మీట త్రిప్పిన కొంతసేపటికి గాని అందులో మాట పుట్టేది కాదు. కొద్ది సంవత్సరాలలోనే ట్రాన్సిస్టరు వచ్చి, గుప్పెడు బ్యాటరీలతో అదే సంగీతాన్ని, అవే వార్తలను వినిపించినది. ఫలం తగ్గలేదు; ఖర్చు మాత్రం తగ్గినది. గృహంలో శక్తిని పొదుపు చేయడమంటే సుఖాన్ని వదులుకోవడమే అనుకొనేవారికి ఈ రేడియో పెట్టెయే మొదటి సమాధానం.

‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966లో రాష్ట్రమంతటా మారుమ్రోగినది. ఎందరో ప్రాణాలు అర్పించిన ఆ ఉద్యమ ఫలితంగా 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారానికి శంకుస్థాపన చేసినారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేసినారు. ఉక్కు వెంట నగరం గాజువాక దిశగా వ్యాపించినది. పెరిగిన నగరానికి, పెరిగిన కర్మాగారాలకు డుడుమ నీరు చాలదు. తుదకు పరవాడ వద్ద సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మితమైనది. దాని మొదటి భాగం 2002లో పనిలోకి వచ్చినది. తరువాతి భాగాలతో కలిపి దాని శక్తి 2,000 మెగావాట్లు. ఒడిశాలోని తాల్చేరు గనుల నుండి బొగ్గు రైళ్లమీద వస్తుంది. సముద్రపు నీటితో దాని యంత్రాలు చల్లబడతాయి. మన మీటకు ఆవలి కొనలో ఇప్పుడు ఉన్నది ముఖ్యంగా ఆ బొగ్గే. ఒక యూనిట్టు విద్యుత్తుకు అక్కడ అరకిలోకు మించిన బొగ్గు కాలుతుంది.

పొయ్యి కథ కూడా ఇదే తోవలో నడిచినది. కిరసనాయిలు స్టౌ తరువాత గ్యాసు పొయ్యి వచ్చినది. మొదట అది కలిగినవారి ఇళ్లకే పరిమితం. 1999లో రాష్ట్ర ప్రభుత్వం ‘దీపం’ పథకం క్రింద మహిళా సంఘాలవారికి గ్యాసు కనెక్షన్లు ఇవ్వసాగినది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకాన్ని తెచ్చినది. లక్షలాది ఇళ్లలో ఊదుగొట్టం మూలపడినది. ఇది నిస్సందేహంగా మేలు. కాని ఆ నీలిమంటకు కూడా వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1997 సెప్టెంబరు 14న విశాఖ శుద్ధి కర్మాగారంలో గ్యాసు వెలువడి జరిగిన ప్రేలుడులో సుమారు అరవైమంది మరణించినారు. 2007 నుండి డాల్ఫిన్ నోస్ కొండ చెంత భూమిలో, నూరు మీటర్లకు మించిన లోతున, రాతిని తొలిచి చేసిన గుహలో 60,000 టన్నుల గ్యాసును నిలువ ఉంచుతున్నారు. మన వంటింటి మంట ఎంత శుభ్రంగా కనబడినా, దాని మూలం ఇంత లోతున ఉన్నది.

ఈ విధంగా అర్ధశతాబ్దిలో మన ఇల్లు తెల్లబడినది. గోడకు మసి లేదు, కంటికి నీరు లేదు. పొగ మాత్రం పరవాడ పొగగొట్టానికి, తాల్చేరు గనికి తరలినది. ఓడరేవు ప్రక్కన పాతనగరంలోని ఇళ్లవారు తమ కిటికీలమీద పడిన బొగ్గు, ఖనిజాల ధూళిని తుడుచుకొంటూనే ఉన్నారు. కనబడని పొగను లెక్కించడం ఎట్లా? కనబడని దానిని తగ్గించమని గృహస్థును అడగడం ఎట్లా? ఈ ప్రశ్నకు ప్రపంచానికే ఒక సమాధానం మన విశాఖ జిల్లా ఇళ్లలో పరీక్షకు వచ్చినదని చాలామందికి తెలియదు.

1997లో జపాను దేశపు క్యోటో నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2005లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం సంపన్న దేశాలు తాము వెలువరించే వాయువులను తగ్గించవలె. అందులో కొంత భాగాన్ని వర్ధమాన దేశాలలో ధనం వెచ్చించి సాధించిన తగ్గింపుతో జమ కట్టుకోవచ్చును. ఇటువంటి పథకాలు సాధారణంగా పెద్ద కర్మాగారాలకు సంబంధించినవి. కాని జర్మనీకి చెందిన ఓస్రామ్ దీపాల సంస్థ విశాఖపట్టణం జిల్లాలోని సామాన్య గృహాలను ఎంచుకొన్నది. ఇంటివారు పనిచేస్తున్న పాత తీగబల్బును ఇచ్చి, తక్కువ వెలకు సి.ఎఫ్.ఎల్. బల్బును తీసుకొనే ఏర్పాటు అది. ఆ పథకం 2009లో ఐక్యరాజ్యసమితి వాతావరణ వ్యవస్థలో నమోదయినది. ఇళ్ల దీపాలకు సంబంధించి ప్రపంచంలో ఇట్లు నమోదయిన తొలి పథకాలలో అది ఒకటి. లక్షల సంఖ్యలో బల్బుల పంపిణీకి అది ఉద్దేశింపబడినది.

ఆ పథకపు వివరాలు గమనింపదగినవి. పాత బల్బును తిరిగి తీసుకొని ధ్వంసం చేయవలెను. లేనిచో అది మరొక గదిలోనో, మరొక ఇంటిలోనో వెలుగుతూనే ఉంటుంది. కొత్త దీపం రోజుకు ఎన్ని గంటలు వెలుగుతున్నదో తెలియడానికి కొన్ని ఇళ్లను నమూనాగా ఎన్నుకొని, అక్కడ మీటర్లతో కొలవవలెను. అనగా మన జిల్లాలోని ఒక సామాన్య గృహిణి ఏ వేళకు దీపం వెలిగించినది, ఏ వేళకు ఆర్పినది అన్న లెక్క అంతర్జాతీయ జమాఖర్చుల పుస్తకంలోకి ఎక్కినది. కట్టెల కాలంలో ఇల్లాలికి కంటితోనే తెలిసిన లెక్కను ఇప్పుడు యంత్రాలతో, నిపుణులతో తెలుసుకోవలసి వచ్చినది. పొగ దూరమైనందుకు మనం చెల్లించిన మూల్యం అది.

సి.ఎఫ్.ఎల్. బల్బుకు లోపాలు లేకపోలేదు. దానిలో పాదరసం ఉండేది. పగిలితే జాగ్రత్త అవసరం. కొద్దికాలంలోనే దానిని మించిన ఎల్.ఇ.డి. దీపం వచ్చినది. ఆ దీపం విశాఖకు ఒక మహావిపత్తు వెంట వచ్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ నగరాన్ని తాకినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. కొండలమీది పచ్చదనం ఒక్కదినంలో మాడినట్లయినది. విద్యుత్ స్తంభాలు నేలకొరిగి, నగరం కొన్ని దినాలు చీకటిలో మునిగినది. అటకపైని లాంతర్లు మరల క్రిందికి దిగినవి. ఆ తరువాత వీధిదీపాలను తిరిగి నిలిపేటప్పుడు పాతవాటినే నిలుపక, సుమారు 91 వేల ఎల్.ఇ.డి. దీపాలను అమర్చినారు. వీధిదీపాలకు అయ్యే విద్యుత్తు ఇంచుమించు సగానికి తగ్గినదని లెక్క. ఆ 2014లోనే గుంటూరు, అనంతపురం మొదలైన జిల్లాలలో ఇళ్లకు ఎల్.ఇ.డి. బల్బుల పంపిణీ మొదలైనది. 2015 జనవరిలో అది దేశమంతటికీ వ్యాపించినది. 2014లో ఒక్కొక్కటి 310 రూపాయలకు ప్రభుత్వ సంస్థ కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. దేశమంతటా 36 కోట్లకు పైబడిన బల్బులు ఈ విధంగా ఇళ్లకు చేరినవి.

ఈ చరిత్ర వల్ల గ్రహించవలసిన నీతి ఒకటున్నది. ఇంటివారు మంచి దీపాన్ని వద్దనలేదు. వెల అందుబాటులోకి రాగానే తీసుకొన్నారు. కావున గృహస్థుని వివేకం, ప్రభుత్వపు ఏర్పాటు ఒకదానికొకటి తోడు. ఏర్పాటు లేకుండా వివేకాన్ని మాత్రమే బోధించడం పేదవానిని నిందించడమే అవుతుంది. ఏర్పాటు ఉండి వివేకం లేకపోతే, దీపం చవకైనదని పది దీపాలు వెలిగించి, పొదుపు చేసినదంతా తిరిగి పోగొట్టుకొంటాము.

ఇక మన ఇంటి జమాఖర్చులను ఒకసారి చూతము. దేశపు విద్యుత్తులో ఒక్క యూనిట్టుకు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే సంవత్సరానికి ఇంచుమించు 110 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపానికి 16 యూనిట్లు చాలును. ఒక్క దీపంమీద నెలకు దాదాపు ఎనిమిది యూనిట్లు మిగులుతాయి. కాని ఒక ఏ.సి. యంత్రం ఒక్క రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారుగా ఆ ఎనిమిది యూనిట్లూ ఖర్చు. నెల పొడుగునా దీపం కూడబెట్టినదానిని ఒక్కరాత్రి చల్లదనం తినివేస్తున్నదన్నమాట! చిన్న పొదుపు చేసి పెద్ద ఖర్చును మరచిపోరాదని ఈ లెక్క చెబుతున్నది.

ఏ.సి. యంత్రాన్ని 24 డిగ్రీలకు తగ్గకుండా ఉంచితే, ఒక్కొక్క డిగ్రీకి ఇంచుమించు ఆరు శాతం విద్యుత్తు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థవారు చెబుతున్నారు. పంకాలలోనూ భేదమున్నది. పాత పంకా 75 వాట్లు తీసుకొంటే, కొత్త రకం పంకా 28 వాట్లతో అదే గాలిని ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు, సంవత్సరంలో మూడువందల దినాలు తిరిగే పంకా అయితే రెండువందల యూనిట్లకు పైగా ఆదా. అన్నిటికంటె ముందు, సముద్రపు గాలి ఉన్న ఊరు మనది. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పులు, వట్టివేళ్ల తడికలు, ముంగిట చెట్టునీడ మన పూర్వులు వేసవికి కనుగొన్న ఉపాయాలు. కొత్త ఇల్లు కట్టేవారు మేస్త్రీతో మొదట మాట్లాడవలసినది ఈ గాలిని గురించియే.

వంటింటిలో 14.2 కిలోల గ్యాసు సిలిండరు ఒకటి పూర్తిగా కాలితే సుమారు 42 కిలోల వాయువు వెలువడుతుంది. కందిపప్పును, శనగలను నానవేయడం, గిన్నెపై మూత పెట్టడం, ఉడుకు వచ్చిన తరువాత మంట తగ్గించడం, ప్రెషరు కుక్కరును వాడడం అనే నాలుగు అలవాట్లు సిలిండరును కొన్ని దినాలు ఎక్కువ నడిపిస్తాయి. ఇవి కట్టెల కాలపు ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కరలేనివి. మిగిలిన అన్నాన్ని పారవేయడం కూడా ఈ లెక్కలోనిదే. నీరు నిలిచిన వరిమడి నుండి మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటె ఎన్నో రెట్లు వేడిమిని పట్టి ఉంచుతుంది. పారవేసిన అన్నం చెత్తకుప్పలో గాలి ఆడక కుళ్లితే మరల అదే వాయువు. కాపులుప్పాడ చెత్తకుప్పకు పోయే తడిచెత్తను పెరటి గుంటలో, లేదా మేడమీది కుండీలో ఎరువుగా మార్చుకొంటే ఆ కీడు చాలవరకు తప్పుతుంది.

రాకపోకల లెక్క ఇంకా సులభం. ఒక లీటరు పెట్రోలుకు 2.3 కిలోల వాయువు. గాజువాక నుండి ఆర్.టి.సి. కాంప్లెక్సుకు కారులో ఒక్కడే పోయి వచ్చినచో దాదాపు రెండు లీటర్లు కాలుతాయి. అదే దూరాన్ని నలభైమందితో కలిసి బస్సులో పోతే ఒక్కొక్కరి వంతు ఎంతో స్వల్పం. ఇరుగుపొరుగు ఉద్యోగులు ఒకే బండిలో పోవడం మన పారిశ్రామిక వాడలకు కొత్త కాదు.

ఇప్పుడు మీటకు ఆవలి కొన కూడా మెల్లగా మారుతున్నది. 2018లో ముడసర్లోవ జలాశయంమీద 2 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలను అమర్చినారు. 2021లో సింహాద్రి బొగ్గు కేంద్రపు జలాశయంమీదనే 25 మెగావాట్ల సౌర విద్యుత్తు మొదలైనది. రెండువేల మెగావాట్ల ప్రక్కన ఇరువదియైదు ఎనభైయవ వంతు మాత్రమే. గర్వింపనక్కరలేదు, నిరాశపడనూ అక్కరలేదు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం క్రింద ఇంటి మేడమీద మూడు కిలోవాట్ల ఫలకాలు పెట్టుకొనేవారికి 78,000 రూపాయల వరకు కేంద్ర సహాయం ఉన్నది. ఒక్కొక్క కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఉప్పుగాలికి తుప్పుపట్టని చట్రాలను ఎంచుకోవడం మాత్రం మన తీరవాసులు మరువరాదు.

ఇదంతా విని ఒక శ్రోత ప్రశ్నింపవచ్చును: “ఉక్కు కొలిమి ముందు, నూనె శుద్ధి కర్మాగారం ముందు నా ఇంటి దీపమెంత?” ప్రశ్న న్యాయమైనదే. పెద్ద కొలిములు మారకుండా చిన్న దీపాలు మారినంత మాత్రాన గాలి బాగుపడదు. ఆ బాధ్యత కర్మాగారాలది, ప్రభుత్వాలది. అట్లే ఒకే బల్బు, ఒకే పంకా ఉన్న ఇంటినీ, నాలుగు ఏ.సి.లు, రెండు కార్లు ఉన్న ఇంటినీ ఒకే త్రాసులో తూచరాదు. నిన్నటిదాకా కట్టెపొగ మ్రింగి, నేడు గ్యాసు వెలిగించుకొన్న ఇల్లాలు ఈ విషయంలో దోషి కాదు. ఆమెకు ఆ గ్యాసు హక్కు. తగ్గించవలసినది ఎక్కువ వాడేవారు. అయితే ఆ ఎక్కువ వాడేవారిలో మనమున్నామా లేమా అన్నది మన విద్యుత్ బిల్లు నెలనెలా చెబుతూనే ఉన్నది. దానిలో రూపాయల అంకెను చూసి మడిచి పెడతాము. యూనిట్ల అంకెను కూడా చూసి, దానిలో పదింట ఏడు వంతులు లెక్కకట్టినచో, ఆ నెల మన ఇల్లు గాలికి ఇచ్చిన కిలోలు తెలుస్తాయి. కట్టెల పొయ్యి ఎదుట కూర్చున్న మన అమ్మమ్మకు కంటికి కనబడిన పొగ, మనకు ఆ కాగితంమీద కనబడవలెను.

సందెదీపానికి నమస్కరించే అలవాటు మనకు ఉండనే ఉన్నది. ఆ నమస్కారంలో డుడుమ వద్ద నేల విడిచిన గిరిజనుడు, తాల్చేరు గనిలో దిగిన కార్మికుడు, పరవాడ పొగగొట్టం నీడలో ఉన్న రైతు, హుద్‌హుద్ గాలికి కప్పు కోల్పోయిన బెస్త కూడా చేరినచో, అవసరం తీరిన దీపాన్ని ఆర్పడానికి మనకు వేరొకరి ప్రబోధం అక్కరలేదు.